తాళం వేయవలసినది పాఠానికి కాదు, దారికి



తెలుగు రాష్ట్రాల వెలుపల తెలుగు చెప్పే మనలో పలువురికి సొంత వెబ్‌సైట్లు ఉన్నాయి. గుణింతాల పట్టికలు, ఒత్తుల అభ్యాసాలు, సంధులు, సమాసాలు, పాత ప్రశ్నపత్రాలు, పిల్లల గొంతులతో రికార్డు చేసిన పద్యాలు వాటిలో ఉన్నాయి. వీటిని ఎవరూ జీతమిచ్చి చేయించలేదు. బడి వేళ ముగిసిన తరువాత కూర్చుని, ఒక్కొక్క అక్షరమే కూర్చి పెట్టినవి. హొసూరులో గాని, బళ్ళారిలో గాని, బరంపురంలో గాని, షోలాపురంలో గాని ఇవి బడికి అలంకారాలు కావు. తెలుగు పాఠ్యపుస్తకం విద్యాసంవత్సరం సగం గడచిన తరువాత చేతికి వచ్చే బడులలో ఇవే పాఠ్యపుస్తకాలు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తెలుగు చదవలేని తండ్రికి, బిడ్డ పక్కన కూర్చుని అక్షరాలు దిద్దుకొనటానికి ఉన్న పలక కూడా ఇదే.

అటువంటి వెబ్‌సైట్లలో కొన్ని నేటికీ తాళం లేని దారిలో నడుస్తున్నాయి. వాటి చిరునామా హెచ్‌టీటీపీతో మొదలవుతుంది. దాని చివర ఉండవలసిన ఎస్ అనే అక్షరం ఉండదు. మరికొన్నింటికి ఆ అక్షరం ఉన్నా, అది అడిగినవారికే దొరుకుతుంది, అడగనివారికి పాత దారే. ఆ ఒక్క అక్షరమే లోపం. ఆ లోపాన్ని ఇంకా సరిదిద్దకుండా ఉండటం ఉపాధ్యాయ వృత్తికి తగని అలసత్వమని నా వాదం. కోపం వచ్చినవారు చివరిదాకా చదివి అప్పుడు కోప్పడండి.

“మన దగ్గర దాచవలసినది ఏమున్నది?”

ఈ మాట ఎత్తగానే మొదట వచ్చే జవాబు ఇదే. “అచ్చులు, హల్లులు దాచుకొనే వస్తువులా మాస్టారూ? మనం బ్యాంకు నడుపుతున్నామా? అందరూ చదవాలనే కదా పెట్టినది!” నిజమే. మన పాఠాలలో దాచవలసినది ఏమీ లేదు. అయితే దాచటం కోసమే తాళం అనుకొనటంలోనే పొరపాటున్నది. గుప్తీకరణ అనే మాటలో ‘గుప్తం’ ఉండటం వలన, ఇది రహస్యాలు ఉన్నవారి వ్యవహారమని మనం అనుకొంటున్నాము. కాస్త ఓపికతో ఆ దారిని పరిశీలించండి.

మీ విద్యార్థి తన ఫోనులో మీ పేజీని తెరిచినపుడు, ఆ పేజీ మీ సర్వరు నుండి అతని చేతికి గాలిలో ఎగిరి రాదు. ఇంటిలోనో హాస్టలులోనో ఉన్న వైఫై పెట్టె, వీధిలోని కేబుల్ ఆపరేటరు, మొబైల్ కంపెనీ, ఆ పైన మరి కొన్ని కూడళ్ళు - ఇన్ని చేతులు మారి వస్తుంది. హెచ్‌టీటీపీ దారిలో అది కార్డు ముక్క వంటిది. పోస్టు జవాను దారిలో చదువుకోవచ్చు. అది చిన్న సంగతి. కార్డు మీద అతడు ఒక వాక్యం కలిపితే చేవ్రాత తేడాతో పట్టుకొనగలము. ఇక్కడ చేవ్రాత లేదు. మధ్యవాడు ఒక వాక్యం కలిపినా, ఒక అక్షరం తీసివేసినా, పేజీ మొత్తం మార్చి వేరొకటి పెట్టినా, అది మీరే వ్రాసినట్లు మీ పేరు కిందనే పిల్లవాడికి చేరుతుంది.

తెలుగు ఉపాధ్యాయులకు ఈ వ్యాధి కొత్తది కాదు. దీనికి మన శాస్త్రంలో పేరున్నది: ప్రక్షిప్తం. కవి వ్రాయనిది కవి పేరున చేరటం. తాటాకు మీది కావ్యం ఒక వ్రాయసగాని చేతి నుండి మరొకని చేతికి పోతూ, తప్పులనూ చేర్పులనూ మోసుకొని వచ్చినది. వేమన పద్యాలనే తీసుకొనండి. మకుటం తగిలిస్తే చాలు, ఎవరి పద్యమైనా వేమన పద్యమైపోయినది. సి.పి. బ్రౌన్ వ్రాతప్రతులు సేకరించి, పండితులకు జీతాలిచ్చి, పాఠాలు పోల్చి చూపించి, 1829లో ఆంగ్లానువాదంతో అచ్చు వేయించినాడు. అంత శ్రమ జరిగి రెండు శతాబ్దాలు కావస్తున్నా, ఏది వేమనది, ఏది కాదు అన్న వాదం తీరలేదు. తరగతిలో ఇది చెప్పి, “చూశారా, మూలాన్ని కాపాడుకొనకపోతే ఎంత నష్టమో” అని నిట్టూర్చే మనమే, మన పాఠాన్ని ప్రతి నిమిషమూ ప్రక్షిప్తానికి వీలైన దారిలో పంపుతున్నాము.

ఇది ఊహ కాదు

“మన పేజీలో ఎవరు కలుపుతారు? ఎవరికి పనిలేదు?” అంటారు. కలిపిన సంగతి లోకానికి తెలిసినదే. 2015 జూన్‌లో బెంగళూరులో ఒక ప్రోగ్రామరు ఎయిర్‌టెల్ 3జీ మీద తన సొంత వెబ్‌సైటు తెరిచి, లోపలి కోడు చూసినాడు. తాను వ్రాయని ఒక స్క్రిప్టు అందులో కనిపించినది. దానిని ఆధారాలతో బయట పెట్టినాడు. వినియోగదారులకు తాము వాడిన డేటా పరిమాణం తెలియజేయటానికి చేస్తున్న ప్రయోగమని కంపెనీ వివరణ ఇచ్చినది. ఆ స్క్రిప్టు ఫ్లాష్ నెట్‌వర్క్స్ అనే ఇజ్రాయెల్ సంస్థది. బయటపెట్టినందుకు ఆ సంస్థ తరఫున లాయరు నోటీసు వెళ్ళినది ఎవరికి? ఆ ప్రోగ్రామరుకు! ఇంటిలో ఎవరో దూరినారని అరచినవానికే నోటీసు. ఆ స్క్రిప్టు అక్కడ చేరగలగటానికి కారణం ఒక్కటే: దారి తెరచి ఉన్నది.

అదే 2015 మార్చిలో చైనాలో మరొకటి జరిగినది. బైదు సంస్థవారి స్క్రిప్టు ఉన్న పేజీలను చూసిన సామాన్య పాఠకులలో కొందరికి, ఆ స్క్రిప్టు బదులు దారిలో వేరొక స్క్రిప్టును అందించినారు. దానితో ఆ పాఠకుల బ్రౌజర్లే, వారికి తెలియకుండా, గిట్‌హబ్ అనే వెబ్‌సైటు మీద వెల్లువగా విరుచుకుపడినాయి. ఆ పేజీలు వ్రాసినవారు ఏ పాపమూ ఎరుగరు. చదివినవారూ ఎరుగరు. తాళం లేని దారిలో నడచిన పేజీ, చదువరి చేతికి తెలియకుండా రాయి అందించినది.

ఇక మన ఊళ్ళ సంగతి. 2017లో ఒక తల్లి తన ఫోను నా చేతిలో పెట్టి, “ఏమి సార్, పిల్లోళ్ళకు సామెతలు నేర్పే చోట పేకాట పెట్టినారే?” అని అడిగినది. అది పొరుగు తాలూకాలోని నా సహోపాధ్యాయుని పేజీ. సామెతల పట్టికను సగం కప్పివేస్తూ డబ్బుకు ఆడే రమ్మీ ప్రకటన. ఆయన తన జన్మలో ఒక ప్రకటన పెట్టినవాడు కాడు. అదే పేజీని వేరొక కంపెనీ కనెక్షను మీద తెరిస్తే ప్రకటన లేదు. సర్వరులోని మూలప్రతిలో లేదు. ఆ తల్లి వాడే కనెక్షను మీదనే ఉన్నది. అంటే కలిపినది దారిలోనే. ఆయన హెచ్‌టీటీపీఎస్‌కు మారిన తరువాత అదే ఫోనులో, అదే కనెక్షను మీద, ఆ ప్రకటన మాయమైనది. ఆ కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు. ఆ తల్లి నిందించినది కంపెనీని కాదు, తెలుగు అయ్యవారిని. ఆమెను తప్పు పట్టగలమా? పేరు మనది, పేజీ మనది.

మనకు కలిగే అసలు నష్టం ఇదే. కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో ఉద్యోగభాషగా ఉన్న చోట, పిల్లవాడిని తెలుగు తరగతికి పంపటానికి తల్లిదండ్రులు వెయ్యి సార్లు ఆలోచిస్తారు. ఆ ఆలోచనలో మన వైపు తూకం వేసేది నమ్మకం ఒక్కటే. దానిని ఒక పేకాట ప్రకటన ఒక్క సాయంత్రంలో ఊడ్చివేయగలదు.

తాళం చేసే మూడు పనులు

హెచ్‌టీటీపీఎస్ ఏమి చేస్తుందో తెలిస్తే “దాచవలసినది ఏమున్నది” అన్న ప్రశ్న మిగలదు. అది చేసేవి మూడు పనులు.

మొదటిది గుర్తింపు. మీ సర్వరు ముందుగా ఒక ధ్రువపత్రం చూపుతుంది. ఈ చిరునామా ఫలానా తాళంచెవి గలవారిదే అని, బ్రౌజరు నమ్మే ఒక ధ్రువీకరణ సంస్థ చేసిన సంతకం అది. మకుటాన్ని ఎవరైనా తగిలించవచ్చు. ఈ ముద్రను మధ్యవాడు వేయలేడు. రెండవది అవికలత్వం, అంటే పంపినది పంపినట్లు చేరటం. దారిలో ఒక్క అక్షరం మారినా ముద్ర సరిపోదు, బ్రౌజరు ఆ మూటను అంగీకరించదు. మూడవది గోప్యత. మధ్యవారికి మీ వెబ్‌సైటు పేరు తెలియవచ్చును గాని, పిల్లవాడు అందులో ఏ పేజీ చదివినాడో, ఏమి వ్రాసి పంపినాడో తెలియదు.

మీరు అడిగిన ప్రశ్న మూడవ పనిని గురించి మాత్రమే. మొదటి రెండూ దాచవలసినది లేనివారికి మరింత అవసరం. అందరూ చదవాలని పెట్టినది అందరికీ ఒకే విధంగా చేరవద్దా?

దాచవలసినదీ ఉన్నది

ఇంతకూ నిజంగా దాచవలసినది లేదా? మీ వెబ్‌సైటులోనికి మార్పులు చేయటానికి వెళ్ళేటపుడు మీరు సంకేతపదం కొట్టరా? తాళం లేని దారిలో అది అందరి ఎదుటా నడచిపోతుంది. 2010 అక్టోబరులో ఎరిక్ బట్లర్ అనే ప్రోగ్రామరు ఫైర్‌షీప్ అనే ఉపకరణాన్ని విడుదల చేసినాడు. ఒకే వైఫై మీద కూర్చున్న పక్కవాని ఖాతాలోనికి, సంకేతపదంతో పని లేకుండానే, రెండు మీటలు నొక్కి దూరిపోవచ్చని దానితో లోకానికి చూపినాడు. అప్పటికి ఫేస్‌బుక్ వంటి పెద్ద సంస్థలు కూడా లోపలికి వచ్చే గుమ్మానికి మాత్రమే తాళం వేసి, ఇంటినంతా తెరచి ఉంచేవి. ఆ తరువాత అవి మారినాయి. మనలో కొందరు మారలేదు.

అన్నిటికంటె ముఖ్యం పిల్లల వివరాలు. చేరిక దరఖాస్తు, యూనిట్ పరీక్ష మార్కులు, పుట్టిన తేదీ, తండ్రి ఫోను నంబరు - ఇవి అడిగే ఫారాలు మన వెబ్‌సైట్లలో ఉన్నాయి. తల్లిదండ్రులు మనలను నమ్మి నింపుతున్నారు. బడిలో హాజరు పట్టీని బల్ల మీద వదిలి వెళ్ళని ఉపాధ్యాయుడు, అదే పట్టీని అంతర్జాలంలో నడివీధిలో ఊరేగిస్తున్నాడు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ళు నిండనివారిని బాలలుగా లెక్కించి, వారి సమాచారానికి తల్లిదండ్రుల అనుమతిని తప్పనిసరి చేసినది. చట్టం మాట అటుంచండి. చట్టం చెబితే గాని పిల్లల వివరాలను కాపాడనివారు పిల్లలకు ఏమి నేర్పగలరు?

రెండు వాకిళ్ళ ఇల్లు

కొందరు మిత్రులు తృప్తిగా చెబుతారు: “మాకు ఎస్ ఉన్నది. కావలసినవారు అది పెట్టుకొని తెరవవచ్చు.” ఇది వాదం కాదు, తప్పించుకొనటం. ముందు వాకిటికి తాళం కప్ప వేసి దొడ్డివాకిలి బార్లా తీసి ఉంచిన ఇంటిని తాళం వేసిన ఇల్లు అంటామా?

చిరునామాలో ఎస్ చేర్చి తెరిచేది ఎవరు? అయిదవ తరగతి పిల్లవాడా? వాళ్ళ అమ్మమ్మా? మీరు ఏళ్ళ క్రితం వర్క్‌బుక్ అట్ట మీద అచ్చు వేయించిన చిరునామాలో ఎస్ లేదు. వాట్సాప్‌లో చేతులు మారుతున్న పాత లంకెలలో లేదు. వారందరూ తెరచి ఉన్న వాకిటికే వస్తారు. కనుక తాళం చదువరి ఎంపికగా ఉండరాదు. ఏమీ తెలియనివాడు వచ్చినా తాళం వేసిన దారిలోనే నడిచేటట్లు వెబ్‌సైటును మనమే అమర్చవలెను. భద్రత తెలిసినవానికి మాత్రమే దొరికితే అది భద్రత కాదు. చదువు చదువుకొన్నవారికే అన్నట్లు ఉంటుంది.

“ఖర్చు ఎవరు పెడతారు?”

ఒకప్పుడు ఈ ప్రశ్నకు బలం ఉండేది. ధ్రువపత్రాన్ని ఏటేటా డబ్బు పెట్టి కొనవలసి వచ్చేది. ఆ రోజులు పోయినాయి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్ష లేని ధ్రువీకరణ సంస్థ 2015 డిసెంబరు నుండి అందరికీ ఉచితంగా ధ్రువపత్రాలు ఇస్తున్నది. ఇంకా కొన్ని సంస్థలు కూడా ఉచితంగా ఇస్తున్నాయి. ఉచితమైనందున తాళంలో బలం తక్కువ కాదు; వేలు పోసి కొన్న పత్రంతో జరిగే గుప్తీకరణే దీనితోనూ జరుగుతుంది.

అయినా మన అజ్ఞానం మీద బ్రతికే వర్తకులు ఉన్నారు. నాకు తెలిసిన ఒక బడి వెబ్‌సైటుకు చోటు అద్దెకిచ్చిన వర్తకుడు, ఉచిత పత్రాన్ని అమర్చే మీట తన దగ్గరనే ఉన్నా, దానిని చెప్పకుండా ఏటా మూడు వేల రూపాయలు అడిగినాడు. “అది లేకుంటే బడి పరువు పోతుంది” అని బెదిరించినాడు కూడా. మిత్రులారా, ఉచిత ధ్రువపత్రానికి అనుమతించని చోట అద్దెకు ఉండవద్దు. గంపలూ తట్టలూ సర్దుకొని వేరొక చోటికి మారండి. ఆ మూడు వేలతో పదిమంది పిల్లలకు నిఘంటువులు కొనవచ్చు.

“పాత ఫోన్ల సంగతి?”

ఈ ఆక్షేపణ చేసినవారిని నేను గౌరవిస్తాను, ఎందుకంటే వారు బీద పిల్లలను తలచుకొని మాట్లాడుతున్నారు. 2016 నాటి ఆండ్రాయిడ్ 7.1 కంటె పాత ఫోన్లలో లెట్స్ ఎన్‌క్రిప్ట్ వారి మూల ధ్రువపత్రం లేదు. వాటి కోసం చేసిన తాత్కాలిక ఏర్పాటు 2024తో ముగిసినది. అటువంటి ఫోనులో మన పేజీ హెచ్చరికతో ఆగిపోవచ్చు. నిజమే, కాదనను. కాని దానికి మందు ఏమిటి? వాడుకలో ఉన్న తక్కిన ఫోన్లన్నిటినీ తెరచిన దారిలో నడిపించటమా? తరగతిలో ఒక పిల్లవానికి చూపు మందగిస్తే వానిని ముందు బల్ల మీద కూర్చోబెడతాము గాని, బడికి పైకప్పు తీసివేయము. అటువంటి ఫోను ఉన్న ఇల్లు ఏదో ఉపాధ్యాయునికి తెలుస్తుంది. ఆ ఇంటికి అచ్చు కాగితం పంపండి.

వేగం తగ్గుతుందన్న మాట కూడా పాతబడినది. 2018లో వచ్చిన టీఎల్ఎస్ 1.3 పద్ధతిలో, తాళం కుదుర్చుకొనే పలకరింపు రెండు రాకపోకల నుండి ఒకటికి తగ్గినది. పేజీలను చురుకుగా అందించే హెచ్‌టీటీపీ/2 పద్ధతిని బ్రౌజర్లు తాళం ఉన్న దారిలోనే వాడుతాయి. నిజంగా మీ పేజీ నెమ్మదిగా వస్తున్నదా? కుదించకుండా పెట్టిన వార్షికోత్సవం ఫోటోలను ఒకసారి చూసుకొనండి.

“దొంగ వెబ్‌సైట్లకూ తాళం ఉన్నదిగా!”

ఉన్నది. ధ్రువపత్రం చిరునామాకు సాక్ష్యం చెబుతుంది, మనిషి గుణానికి కాదు. అందుకే పిల్లలకు “తాళం బొమ్మ ఉంటే మంచి వెబ్‌సైటు” అని నేర్పవద్దు. బొమ్మను చూసి జనం అట్లా భ్రమపడుతున్నారనే గూగుల్ 2023లో క్రోమ్ బ్రౌజరు నుండి ఆ తాళం బొమ్మను తీసివేసినది. కాని దొంగ కూడా ఇంటికి తాళం వేసుకొంటాడని మనం తాళాలు వేయటం మానినామా?

ఇప్పుడు లోకం తిరగబడినది కూడా. తాళం ఉన్నందుకు మెప్పు లేదు, లేనందుకు నింద ఉన్నది. 2018 జూలై నుండి క్రోమ్ బ్రౌజరు ప్రతి హెచ్‌టీటీపీ పేజీ నెత్తిన ‘సురక్షితం కాదు’ అని వ్రాస్తున్నది. ఇక మీదట బయటి వెబ్‌సైట్లలో అటువంటి పేజీని మొదటిసారి తెరిచేముందు చదువరిని ఆపి అనుమతి అడగటమే సహజ పద్ధతిగా చేస్తామని, అది 2026 అక్టోబరు నాటి క్రోమ్ 154తో మొదలవుతుందని గూగుల్ 2025లో ప్రకటించినది. తెలుగు పాఠం కోసం వచ్చిన తల్లికి ముందు ఎదురయ్యేది అ ఆ ఇ ఈ కాదు, అపాయ సూచన. ఆమె వెనుదిరిగి పోతే తెలుగును ఎవరో అణచివేసినారని సభలలో ఉపన్యసించవద్దు. గుమ్మం మీద ఆ బోర్డు తగిలించుకొన్నది మనమే.

చేయవలసిన పని

విమర్శించి ఊరుకొనటం నా పద్ధతి కాదు. పని ఇదిగో, ఒక సెలవు దినం చాలు.

1. మీ వెబ్‌సైటు చోటు ఇచ్చినవారి నియంత్రణ పలకలో ధ్రువపత్రం అమరిక చూడండి. సీప్యానెల్ ఉన్న చోట ఆటో ఎస్ఎస్ఎల్ అని ఉంటుంది. గిట్‌హబ్ పేజెస్ వాడేవారికి ‘ఎన్‌ఫోర్స్ హెచ్‌టీటీపీఎస్’ అని ఒక గడి ఉంటుంది, దానిలో టిక్కు పెట్టండి. సొంత సర్వరు నడిపేవారికి సర్ట్‌బాట్ అనే ఉచిత ఉపకరణం ఉన్నది.

2. పునరుద్ధరణ దానంతట అదే జరిగేటట్లు పెట్టండి. ‘గుర్తు పెట్టుకొని చేస్తాను’ అనవద్దు. ధ్రువపత్రాల గరిష్ఠ కాలపరిమితిని క్రమంగా తగ్గించి 2029 మార్చి నాటికి 47 రోజులు చేయాలని 2025 ఏప్రిల్‌లో నిర్ణయమైనది. చేతితో చేసేవారు పరీక్షల రోజులలో తప్పక మరచిపోతారు.

3. పాత చిరునామాకు వచ్చినవారిని కొత్త చిరునామాకు శాశ్వతంగా మళ్ళించండి. దీనికి 301 అనే సంకేతం వాడుతారు. ముంగిలి పేజీని మాత్రమే మళ్ళించి ఊరుకొనవద్దు. పాఠం లంకె నొక్కినవాడు ఆ పాఠానికే చేరవలెను.

4. పేజీల లోపల ఉన్న బొమ్మల, ఆడియోల, ఫాంట్ల చిరునామాలను కూడా మార్చండి. తాళం ఉన్న పేజీలో తాళం లేని స్క్రిప్టును బ్రౌజరు అడ్డగిస్తుంది. తెలుగు ఫాంటు అట్లా ఆగిపోతే అక్షరాలు వికారంగా కనిపించవచ్చు.

5. అంతా సరిగా నడుస్తున్నదని తేలిన తరువాత హెచ్ఎస్‌టీఎస్ అనే ఆజ్ఞను చేర్చండి. ఒకసారి వచ్చిన బ్రౌజరు, మీరు చెప్పిన గడువు వరకు, తాళం లేని దారిని మళ్ళీ తొక్కదు. 2012 నుండి ఇది ప్రమాణంగా ఉన్నది. మొదట గడువును 300 సెకండ్లు మాత్రమే పెట్టి చూడండి, తరువాత ఒక వారం, ఆ తరువాత ఒక సంవత్సరం, అంటే 3,15,36,000 సెకండ్లు. తొందరపడవద్దు, ఇచ్చిన గడువు లోపల వెనక్కి తీసుకొనటం కష్టం.

6. చివరగా, మీది కాని ఫోనులో, మొబైల్ డేటా మీద, పాత చిరునామా కొట్టి చూడండి. కొత్త దారికి చేరినారా? అప్పుడే పని ముగిసినది.

తల్లిదండ్రులారా, మీకూ ఒక మాట. బడి వెబ్‌సైటు మీ బిడ్డ పేరు, పుట్టిన తేదీ అడిగినపుడు చిరునామా వంక చూడండి. ఎస్ లేకుంటే నింపవద్దు. కాగితం మీద వ్రాసి చేతికి ఇవ్వండి, ఎందుకు ఇచ్చినారో చెప్పండి. ఉపాధ్యాయుని అడగటం అవమానించటం కాదు. మీరు అడగనిదే కొందరు కదలరు. ముప్పై ఏళ్ళకు పైగా ఈ వృత్తిలో ఉండి చెబుతున్నాను.

రాజ్యాంగంలో 350ఎ అధికరణం, భాషాల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సౌకర్యాలు కల్పించటానికి ప్రయత్నించవలసినదిగా రాష్ట్రాలకు చెబుతున్నది. ఆ సౌకర్యాల కోసం మనం అర్జీలు పెడుతూనే ఉన్నాము, పెడుతూనే ఉంటాము. అవి ఎవరి బల్ల మీద ఎన్నాళ్ళు ఉంటాయో మన చేతిలో లేదు. మన వెబ్‌సైటు మన చేతిలో ఉన్నది. దానికి ఏ అధికారి సంతకమూ అక్కరలేదు, ఏ గ్రాంటూ అక్కరలేదు.

వచ్చే దసరా సెలవులు ముగిసేలోగా ఈ ఆరు పనులూ చేసి ముగించండి. చేతకానివారు మీ బడిలో పదవ తరగతి పిల్లలను పిలిచి కూర్చోబెట్టుకొనండి, వారికి చేతనవుతుంది. బడి తెరచిన నాడు తెలుగు పీరియడులో, మళ్ళింపు పనిచేస్తున్నదో లేదో వారి చేతనే పరీక్ష చేయించండి. ప్రక్షిప్తం అంటే ఏమిటో ఆ రోజే పాఠం చెప్పండి.